కొత్తగా బిగించిన రెండో హార్డ్ డిస్క్ కనిపించి మాయమవుతుంటే

కావలి నుంచి రాసిన తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ సమస్య నా మాటల్లో చెబుతాను. ఇంట్లో పాత డెస్క్‌టాప్. అందులోని 500 జీబీ హార్డ్ డిస్క్ నిండిపోయింది. 2 టీబీ డిస్క్ కొని మీరే బిగించుకున్నారు. మొదట కనిపించలేదు, కేబుల్ కదిపితే కనిపించింది. అమ్మాయి ఓణీల ఫంక్షన్ వీడియోలు, పోయిన నాన్నగారి ఫొటోలు ఉన్న ఫోల్డర్‌ని కట్ చేసి కొత్తదాంట్లో పేస్ట్ చేశారు. సగంలో సిస్టమ్ బిగుసుకుపోయింది. అప్పట్నుంచి కొత్త డిస్క్ ఒక పూట కనిపిస్తుంది, ఒక పూట కనిపించదు. కనిపించినప్పుడు క్లిక్ చేస్తే ఫార్మాట్ చేయమంటోంది. ఫార్మాట్ కొట్టమంటారా అని అడిగారు.

కొట్టొద్దు. ఇప్పుడే సిస్టమ్ ఆపేయండి. ఇది కూడా ఆ కంప్యూటర్లో కాకుండా ఫోన్లో చదవండి.

ఎందుకో చెబుతాను. ఒక డిస్క్ నుంచి ఇంకో డిస్క్‌కి కట్ చేసి పేస్ట్ చేసినప్పుడు విండోస్ చేసే పని, అవతల రాసుకుంటూ ఇవతల చెరిపేసుకుంటూ పోవడం. సగంలో ఆగిందంటే కొన్ని ఫైళ్లు పాతదాంట్లోనే ఉంటాయి, కొన్ని కొత్తదాంట్లోకి వెళ్లి ఉంటాయి. పాతదాంట్లో చెరిగినవి కూడా నిజానికి వెంటనే పోవు. ఆ చోటు ఖాళీ అని విండోస్ గుర్తు పెట్టుకుంటుంది, అంతే. దాని మీద ఇంకేదైనా రాసేదాకా బొమ్మ అక్కడే ఉంటుంది. మీ విండోస్ నడిచేది ఆ పాత డిస్క్ మీదే కదా. ఆన్‌లో ఉన్నంతసేపూ అప్‌డేట్లనీ, బ్రౌజర్ ఫైళ్లనీ అది రాస్తూనే ఉంటుంది. ఏ రాత నాన్నగారి ఫొటో మీద పడుతుందో చెప్పలేం. అందుకే ఆపమన్నది. మీ పాతది తిరిగే డిస్క్ కావడం మంచిదైంది. ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో నడిచే డిస్క్) అయ్యుంటే చెరిపిన చోటును అదే కాసేపట్లో తుడిచేసుకుంటుంది, ఇంత ఆశ ఉండేది కాదు.

ఒంగోల్లో ఇరవై ఏళ్ల పైబడి ఇదే పని చేస్తున్నాను. మొదట్లో ఒక స్టూడియో అతను ఇలాగే డిస్క్ తెచ్చి "ఫార్మాట్ అడుగుతోందన్నా" అన్నాడు. దాంట్లో ఏముందని నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఫార్మాట్ కొట్టి ఇచ్చేశాను. సాయంత్రం వెనక్కి వచ్చాడు. రెండు పెళ్లిళ్ల ఫొటోలు అందులోనే ఉన్నాయట. పది రోజులు కూర్చుని చాలావరకు బయటికి తీశాను గానీ ఫైళ్ల పేర్లన్నీ పోయి అంకెలు మిగిలాయి, వీడియోలు ముక్కలైపోయాయి. ఆ పెళ్లికూతురు వాళ్ల నాన్న షాపులో కూర్చుని ఒక్కో ఫొటో చూసి ఏ పెళ్లిదో చెప్పడం నాకు ఇప్పటికీ గుర్తు. అప్పట్నుంచి డిస్క్ చేతిలోకి తీసుకునే ముందు ఒకటే అడుగుతాను, దీంట్లో ఏముంది, ఇంకో కాపీ ఉందా అని.

ఇక మీ పని. సిస్టమ్ ఆపేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి. మామూలు షట్‌డౌన్‌తో విండోస్ సగం నిద్రలోకే పోతుంది. తర్వాత ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి వదలండి. క్యాబినెట్ ముట్టుకుంటే ఎప్పుడైనా జిల్లుమన్నట్టు ఉంటోందా? ఉంటే ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. మన వైపు ఎండాకాలం భూమి ఆరిపోయి ఎర్త్ గుంత పనిచేయని ఇళ్లు చాలా ఉన్నాయి. అది విడిగా సరిచేయించుకోండి, మనుషులకూ మంచిది కాదు. చేయి పెట్టేముందు మాత్రం క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకోండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది.

పాత డిస్క్‌కి రెండు కేబుళ్లూ తీసేసి, నాలుగు స్క్రూలు విప్పి, మెత్తటి బట్టలో చుట్టి బీరువాలో పెట్టేయండి. ఇక మనం చేసే పరీక్షలన్నీ కొత్త డిస్క్ ఒక్కదాని మీదే. విండోస్ లేకుండా ఎలా అంటారా? తెలిసినవాళ్ల కంప్యూటర్లో ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ ఒకటి చేయించుకోండి. దానితో బూట్ చేసి "ట్రై ఉబుంటు" ఎంచుకుంటే డిస్క్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది. ఇన్‌స్టాల్ అనే మాట జోలికి మాత్రం పోవద్దు.

డిస్క్ కనిపించకపోవడం అనే జబ్బు నాలుగు చోట్ల ఎక్కడైనా ఉండొచ్చు. కరెంటు, వైరు, మదర్‌బోర్డు, విండోస్. అందరూ విండోస్ దగ్గర మొదలుపెడతారు, ఎందుకంటే మెసేజ్ అక్కడ కనిపిస్తుంది కాబట్టి. నేను కరెంటు దగ్గర మొదలుపెడతాను. ఒకసారి కనిపించి ఒకసారి కనిపించని డిస్క్‌లో తప్పు చాలాసార్లు డిస్క్‌లో ఉండదు. కేబుల్ కదిపితే కనిపించిందని మీరే రాశారు. సగం జవాబు ఆ వాక్యంలోనే ఉంది.

సిస్టమ్ ఆన్ చేసి డిస్క్ పక్క మీద వేలు ఆనించండి. తిరుగుతుంటే సన్నటి వణుకు తెలుస్తుంది. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్క్ అంటే సెకనుకు 90 చుట్లు. వణుకు లేదంటే దానికి కరెంటే అందడం లేదు. వణుకు మొదలై, టక్ టక్ మని రెండు మూడుసార్లు కొట్టుకుని, ఆగి, మళ్లీ మొదలవుతోందంటే రెండు అర్థాలున్నాయి. లోపల హెడ్ (పళ్లెం మీద చదివే, రాసే ముల్లు) పాడై ఉండొచ్చు, లేదా 12 వోల్టులు సరిగా అందక హెడ్ తడబడుతూ ఉండొచ్చు. ఇంకో మంచి ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లో అన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె) పెట్టి చూడకుండా డిస్క్ పోయిందని ఎవరు చెప్పినా నమ్మకండి. మంచి ఎస్ఎంపీఎస్ మీద కూడా అలాగే కొట్టుకుంటే మాత్రం వెంటనే ఆపేయండి. అప్పుడు ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. మూత విప్పడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటివి అసలు వద్దు.

డెస్క్‌టాప్ డిస్క్‌కి రెండు రకాల కరెంటు కావాలి. మోటారుకు 12 వోల్టులు, బోర్డుకు 5 వోల్టులు. మామూలుగా నడిచేటప్పుడు తక్కువే లాగుతుంది గానీ, పళ్లెం కదిలి వేగం అందుకునే మొదటి కొన్ని సెకన్లలో 12 వోల్టుల లైను మీద ఇంచుమించు 2 ఆంపియర్లు, అంటే 24 వాట్లు లాగేస్తుంది. ఒక డిస్క్‌తో ఏళ్ల తరబడి నడిచిన పాత ఎస్ఎంపీఎస్ రెండో డిస్క్ పెట్టగానే మొండికేసేది ఇక్కడే. పైన 450 వాట్లని స్టిక్కర్ ఉన్నా, క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన రకం అయితే ఆ అంకెను నమ్మలేం. మల్టీమీటర్ ఉంటే సిస్టమ్ నడుస్తుండగా ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల కనెక్టర్లో చూడండి. నల్ల తీగకూ పసుపు తీగకూ మధ్య 11.4 నుంచి 12.6 లోపు, నలుపుకూ ఎరుపుకూ మధ్య 4.75 నుంచి 5.25 లోపు రావాలి. మీటరు మొనలు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. చేయి తిరగకపోతే ఈ పని మెకానిక్‌కి వదిలేయండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీ ఎస్ఎంపీఎస్‌లో సాటా (ఇలాంటి డిస్కులను తగిలించే పద్ధతి) పవర్ కనెక్టర్ ఒక్కటే ఉంటే షాపువాళ్లు నాలుగు పిన్నుల నుంచి సాటాకు మార్చే చిన్న కన్వర్టర్ ఇచ్చి ఉంటారు. దాని సాటా వైపు మూతి పరిశీలనగా చూడండి. తీగలన్నీ ఒకే ప్లాస్టిక్ ముద్దలో పోత పోసినట్టు ఉంటే తీసి పారేయండి. ఆ రకంలో లోపల తీగలు దగ్గరై షార్టయి కాలిపోయినవి నేను చూశాను. ఒకదాని చుట్టూ డిస్క్ బోర్డు కూడా నల్లబడింది. తీగలు విడివిడిగా నొక్కి బిగించినట్టు కనిపించే రకం మేలు. అన్నిటికంటే మేలు, ఎస్ఎంపీఎస్ నుంచే నేరుగా వచ్చే కనెక్టర్.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు సిస్టమ్ ఇలాగే నన్ను మూడుసార్లు తిప్పింది. రెండో డిస్క్ పొద్దున బాగుంటుంది, పని మొదలయ్యాక మాయమవుతుంది. డిస్క్ మార్చాం, కేబుల్ మార్చాం. మూడోసారి వెళ్లినప్పుడు తొందరపడకుండా అక్కడే కూర్చున్నాను. పెద్ద కటింగ్ మిషన్ ఆన్ చేసిన క్షణాన ట్యూబ్‌లైట్ ఒక్కసారి మసకబారింది, డిస్క్ టక్ మంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంది, ఎస్ఎంపీఎస్ నిండా రాతి దుమ్ము. ఆ రెండూ మార్చాక మళ్లీ ఫోన్ రాలేదు. మీ ఇంట్లో కూడా మోటారు వేసినప్పుడు, ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు డిస్క్ పోతోందేమో గమనించండి. ఎప్పుడు మాయమవుతోందో టైమ్ రాసిపెట్టుకుంటే చాలా ఉపయోగం.

తర్వాత డేటా కేబుల్. ఏడు పిన్నుల ఆ సన్నటి సాటా కేబుల్ మీద నాకు ఎప్పుడూ మొదటి అనుమానం. మీరు వాడినది పాత సామాన్లలో దొరికినదైతే మార్చేయండి, వందా నూటయాభై రూపాయల్లో కొత్తది వస్తుంది. కొనేటప్పుడు మూతి దగ్గర ఇనుప క్లిప్ ఉన్నది అడగండి, అది కదలకుండా పట్టుకుంటుంది. కేబుల్‌ని మడత పడేలా వంచొద్దు. మీటరు కంటే పొడవున్నది వద్దు, అంతకు మించి సాటా పద్ధతే ఒప్పుకోదు. కావలి, అల్లూరు, ఇందుకూరుపేట, కొత్తపట్నం లాంటి సముద్రం దగ్గరి ఊళ్ల నుంచి వచ్చే సిస్టమ్‌లలో ఇంకొకటి చూస్తుంటాను. ఉప్పుగాలికి మదర్‌బోర్డు మీద వాడని పోర్టుల పిన్నులు మసకబారి ఉంటాయి. ఏళ్లుగా ఖాళీగా ఉన్న పోర్టులో కేబుల్ పెట్టగానే కాంటాక్ట్ అందదు, కదిపితే అందుతుంది. మీ లక్షణం అచ్చంగా ఇదే. ప్లగ్ తీసేసి, ఆ పోర్టులో కేబుల్‌ని ఐదారుసార్లు నిదానంగా పెట్టి తీయండి, పిన్నులు రాసుకుని శుభ్రపడతాయి. ఇంకా మంచిది, పాత డిస్క్ ఇన్నాళ్లూ వాడిన పోర్టులోనే ఇప్పుడు కొత్తదాన్ని పెట్టి చూడటం. అది పనిచేస్తున్న పోర్టని మనకు తెలుసు కదా.

కేబుల్ తప్పా, డిస్క్ తప్పా అని ఊహించనక్కర్లేదు, డిస్క్ తన లెక్క తానే రాసుకుంటుంది. దాన్నే స్మార్ట్ అంటారు. ఉబుంటులో "డిస్క్స్" అనే ప్రోగ్రామ్ తెరిచి, మీ డిస్క్ ఎంచుకుని, మెనూలో స్మార్ట్ డేటా చూడండి. విండోస్‌లో అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఇవే చూపిస్తుంది. అది మామూలుగా అంకెలను పదహారుల లెక్కలో చూపిస్తుంది కాబట్టి సెట్టింగుల్లో పదుల లెక్కకు మార్చుకోండి, లేకపోతే అనవసరంగా టెన్షన్ పడతారు. చూడాల్సిన వరసలు కొన్నే. 199వ నంబరు, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో సీ7 అని ఉంటుంది. డిస్క్‌కీ బోర్డుకీ మధ్య దారిలో మాట ఎన్నిసార్లు తప్పిపోయిందో చెప్పే లెక్క అది. అది సున్నా కాకుండా ఉంటే ముందు కేబుల్‌నీ పోర్టునూ అనుమానించండి. ఈ అంకె ఎప్పటికీ తగ్గదు, కాబట్టి ఎంత ఉందని కాదు, కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా అని చూడాలి. 5, 197, 198 నంబర్లు మాత్రం డిస్క్ పళ్లెం మీద చెడిపోయిన, చదవలేకపోతున్న చోట్ల లెక్క. అవి సున్నాలో ఉంటే ఊపిరి పీల్చుకోండి. 197 పెరుగుతోందంటే ఆ డిస్క్‌తో ఇంకే ప్రయోగం చేయకండి.

అక్కడే సెల్ఫ్ టెస్ట్ అని ఉంటుంది. చాలామంది అది పాసయింది కాబట్టి అంతా బాగుందనుకుంటారు. ఆ పరీక్ష డిస్క్ తనలో తానే చేసుకునేది, డేటా కేబుల్ గుండా ఏమీ పోదు. అది పాసైనా డిస్క్ మాయమవుతూనే ఉంటే, తప్పు బయట ఉండే అవకాశం ఎక్కువని అర్థం చేసుకోవాలి.

అదే జాబితాలో పవర్ ఆన్ అవర్స్ కూడా చూడండి. కొత్త డిస్క్ అయితే మీరు వాడిన గంటలే ఉండాలి. ఏడాదంతా ఆగకుండా నడిస్తే 8760 గంటలు. అది 20,000 అని చూపిస్తే అది ఏ సీసీటీవీ డీవీఆర్‌లోనో (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె) రెండేళ్లకు పైగా తిరిగి వచ్చిన డిస్క్. అలాంటివి తుడిచి పెట్టి కొత్తవని అమ్మేవాళ్లు ఉన్నారు. సీల్డ్ కవరు లేకుండా ఇచ్చారని మీరు రాసినందుకే ఇది చెబుతున్నాను. లేబుల్ మీది సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో కూడా చూసుకోండి.

మదర్‌బోర్డు వైపు చెప్పేది తక్కువ. ఆన్ కాగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే బయోస్ (విండోస్ కంటే ముందే వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల స్క్రీన్) వస్తుంది. అక్కడ డిస్క్ పేరు కనిపించకపోతే విండోస్‌లో వెతకడం వృథా. ఆ పోర్టు డిసేబుల్ అయి ఉందేమో చూడండి. కొన్ని కొత్త బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో (చిన్న ఎస్ఎస్‌డీ పెట్టే చోటు) ఏదైనా పెడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు, బోర్డు పుస్తకంలో రాసి ఉంటుంది. రెండో డిస్క్ పెట్టాక నల్ల స్క్రీన్ మీద బూట్ డివైస్ లేదని వస్తే బూట్ వరసలో కొత్త డిస్క్ ముందుకొచ్చిందన్నమాట, పాతదాన్ని మళ్లీ పైకి తెస్తే సరిపోతుంది.

బయోస్‌లో ఉండి మై కంప్యూటర్లో లేకపోతే, అప్పుడు విండోస్. ఇది మిగతావాళ్ల కోసం, మీరు మాత్రం ఫైళ్లు బయటికి వచ్చేదాకా పాత డిస్క్‌తో విండోస్ ఆన్ చేయకండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్కడ నాట్ ఇనిషియలైజ్డ్ అని ఉంటే, అది నిజంగా కొత్త ఖాళీ డిస్క్ అయితేనే ఇనిషియలైజ్ (వాడకానికి సిద్ధం) చేసి జీపీటీ (డిస్క్‌లోని భాగాల లెక్క రాసుకునే కొత్త పద్ధతి) ఎంచుకోండి. పాత పద్ధతి ఎంబీఆర్‌తో 2 టీబీ దాటిన చోటు వాడుకోలేం. అంతా బాగుండి అక్షరం మాత్రం లేకపోతే డ్రైవ్ లెటర్ ఇస్తే వచ్చేస్తుంది. ఆఫ్‌లైన్ అని ఉంటే రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ చేయండి. క్లోన్ చేసిన డిస్క్‌నీ అసలుదాన్నీ ఒకేసారి పెడితే రెండింటి గుర్తూ ఒకటే అవడం వల్ల ఇలా జరుగుతుంది. రొయ్యల చెరువు దగ్గర కెమెరాల డీవీఆర్‌లోంచి తీసిన డిస్క్‌ని పీసీలో పెడితే ఫార్మాట్ అడుగుతుంది. అది పాడై కాదు, డీవీఆర్ రాసే పద్ధతి విండోస్‌కి తెలియక. మీది మాత్రం రా (RAW, అంటే లోపలి అమరిక విండోస్‌కి అర్థం కావడం లేదని) అని చూపిస్తోందన్నారు. నిన్నటిదాకా ఫోల్డర్లు కనిపించిన డిస్క్ రా అంటే, దానిలోని విషయసూచిక రాస్తున్నప్పుడు కరెంటో కేబులో తెగి ఉండొచ్చని. చెక్ డిస్క్ నడిపితే బాగవుతుందని ఎవరో సలహా ఇచ్చారు మీకు. అది విషయసూచికను సరిచేయడానికి చూస్తుంది తప్ప మీ ఫైళ్లను కాపాడాలని చూడదు. ఫైళ్లు బయటికి వచ్చేదాకా దాన్ని నడపొద్దు.

2 టీబీ అని కొంటే 1.81 అని చూపిస్తోంది, మోసమా అని కూడా అడిగారు. మోసం లేదు. కంపెనీ లెక్కలో 2 టీబీ అంటే 2 లక్షల కోట్ల బైట్లు, వెయ్యేసి చొప్పున లెక్క. విండోస్ 1024 చొప్పున భాగిస్తుంది కాబట్టి 1.81 వస్తుంది.

ఇక ఫైళ్లు వెనక్కి తెచ్చుకునే క్రమం. కేబుల్, పోర్టు, కరెంటు సరిచేశాక ఉబుంటులోనే కొత్త డిస్క్ తెరిచి చూడండి. చాలాసార్లు ఫోల్డర్ అలాగే తెరుచుకుంటుంది. తెరుచుకుంటే వేరే మూడో డిస్క్‌లోకి కాపీ చేయండి, కట్ కాదు. తెరుచుకోకపోతే టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఫైళ్ల జాబితా కనిపిస్తుందేమో చూడొచ్చు. దాంట్లో డిస్క్ మీద రాయమని అడిగే చోట ఒప్పుకోకుండా, కాపీ మాత్రమే చేసుకోండి. పాత డిస్క్‌లో చెరిగినవాటికి ఫొటోరెక్ ఉంది. పేర్లు రావు గానీ ఫొటోలు బాగా వస్తాయి. పేర్లతో కావాలంటే ముందు రెకువా ప్రయత్నించండి, అది విండోస్‌లో నడుస్తుంది కాబట్టి వేరే కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసి, పాత డిస్క్‌ని దానికి రెండో డిస్క్‌గా తగిలించి వెతకాలి. బయటికి వచ్చినవి కూడా ఆ పాత డిస్క్ మీద కాకుండా మూడోదాని మీదే పెట్టండి. యూఎస్‌బీ అడాప్టర్‌తో తగిలిస్తే 12 వోల్టుల అడాప్టర్ విడిగా ఉన్నది చూసుకోండి. యూఎస్‌బీ నుంచి 5 వోల్టులే వస్తాయి, దానితో పెద్ద డిస్క్ మోటారు తిరగదు.

అన్నీ వచ్చాక రెండు డిస్కులూ మళ్లీ బిగించేటప్పుడు వాటి మధ్య ఒక అర ఖాళీ వదలండి. మన ఎండల్లో రెండూ ఆనుకుని ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి. స్మార్ట్‌లో వేడి 50 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. నాలుగు స్క్రూలూ బిగించండి, నిలబెట్టి ఆనించి వదలొద్దు. ఇరవై నిమిషాలు వాడకపోతే రెండో డిస్క్ నిద్రపోయి, తెరవగానే కొన్ని సెకన్లు ఆలస్యం అవుతుంది. అది జబ్బు కాదు, పవర్ సెట్టింగ్.

కేబుల్ మార్చాక 199వ నంబరు ముందెంత, తర్వాతెంత, 197 ఎంత, ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ ఫొటో, ఇవి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. మంచి ఎస్ఎంపీఎస్ మీద కూడా డిస్క్ టక్ టక్ మంటుంటే మాత్రం ఇంకేదీ ప్రయత్నించకుండా డేటా రికవరీ ల్యాబ్‌కి ఇవ్వండి, నెల్లూరు వైపు నుంచి చెన్నై దగ్గర. ఖర్చు వేలల్లో ఉంటుంది కాబట్టి చూసి ఎంతవుతుందో చెప్పాకే పని మొదలుపెట్టమనండి. తీసుకెళ్లేటప్పుడు రెండు డిస్కుల్నీ విడివిడిగా టవల్లో చుట్టి ఒళ్లో పెట్టుకోండి, బస్సు పైన సామాన్ల అరలో వద్దు.